రాత్రి ఉన్నయ్, పొద్దుగాల లేవు

2013 సెప్టెంబరులో జహీరాబాద్‌లోని ఒక డీటీపీ షాపులో ఒక కుటుంబం వాళ్ల వంశవృక్షం పుస్తకం తయారవుతోంది. పేజ్‌మేకర్ ఫైలు, అరవై పేజీల దాకా ఉంటుంది. ఎవరి కొడుకు ఎవరు, ఏ ఆడబిడ్డను ఏ ఊరికి ఇచ్చారు, ఏ చెలక ఎవరి వాటాకు వచ్చింది, అన్నీ అందులో ఉన్నాయి. ఫైలు డెస్క్‌టాప్ మీదే ఉండేది. షాపులో పనిచేసే పిల్లవాడు ఆ పేజీల కొలతలు ఇంకో జాబ్‌కు పనికొస్తాయని దాన్నే తెరిచాడు. లోపలి మ్యాటరంతా తీసేసి కొత్తది ఎక్కించి, అదే పేరుతో సేవ్ చేశాడు. ఫైలు అక్కడే ఉంది, పేరూ అదే, లోపలున్నదే పోయింది. డిలీట్ చేసింది ఏదీ లేదు కాబట్టి రీసైకిల్ బిన్‌లో వెతికినా ఫలితం లేదు.

ఇలాంటి కష్టానికి విండోస్ 7లో ఒక దారి ఉంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ అన్న ట్యాబ్ తెరిస్తే, అదే ఫైలు నిన్నో మొన్నో పోయిన వారమో ఎలా ఉండేదో ఆ రూపాలు వరసగా కనిపిస్తాయి. కావలసిన తేదీది ఎంచుకుని వెనక్కి తెచ్చుకోవచ్చు. షాపాయన ఈ సంగతి తెలిసిన మనిషి. ట్యాబ్ తెరిచాడు. పాత వెర్షన్లు ఏవీ లేవని ఒక వాక్యం కనిపించింది, అంతే.

సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపేసి ఉంటే ఇక్కడితో కథ అయిపోయేది. అది ఆన్‌లోనే ఉంది. దానికి కేటాయించిన జాగా కూడా అలాగే ఉంది. ఆయన ఆ రాత్రి తన చేత్తో ఒక రిస్టోర్ పాయింట్ తయారుచేసి, జాబితాలో కనిపిస్తోందని చూసుకుని ఇంటికి వెళ్లాడు. రెండు రోజులు నిలిచింది. తర్వాత పోయింది. ఇంకోటి చేశాడు. అది మర్నాటికే పోయింది. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "అన్న, నేనే చేసి పోయిన. రాత్రి ఉన్నయ్. పొద్దుగాల చూస్తే ఒక్కటి లేదు. షట్టర్ తాళం నా దగ్గర్నే ఉంటది."

కంప్యూటర్ల రిపేరు తెలిసినవాళ్లలో చాలామంది ఇలాంటప్పుడు చెప్పేది ఒకటే. డేటా కాపీ చేసుకో, ఫార్మాట్ కొట్టేద్దాం. ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడు పడదు. ఫార్మాట్ కొడితే జబ్బుతో పాటు జబ్బు ఆనవాళ్లన్నీ పోతాయి. ఎందుకు వచ్చిందో తెలియనిది మళ్లీ వస్తే మళ్లీ ఫార్మాటే గతి. పైగా ఈ షాపులో ఫార్మాట్ కొట్టడం చిన్న పని కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ముందు ఊరి సంగతి చెప్పాలి.

జహీరాబాద్ హైదరాబాద్ నుంచి పడమటికి పోయే జాతీయ రహదారి మీద ఉంది. అప్పటికది మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. బీదర్ దగ్గర, కర్ణాటక సరిహద్దు ఇంకా దగ్గర. చెరకు బండ్లు, అల్లం బస్తాలు, మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి వచ్చిపోయే లారీలు, అన్నీ ఆ రోడ్డు మీదే. ఈ పట్టణంలో డీటీపీ షాపు పెట్టినవాడికి ఒక్క తెలుగుతో పని జరగదు. పెండ్లి పత్రిక తెలుగులో కావాలి, న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చినవాళ్లకు కన్నడ కావాలి, అప్పుడప్పుడు మరాఠీ అడుగుతారు, షాదీ కార్డులు, మస్జిదు పోస్టర్లు, మదర్సా రసీదు పుస్తకాలు ఉర్దూలో కావాలి. అప్పట్లో ఒక్కో భాష ఒక్కో ప్యాకేజీ. తెలుగుకు అను ఫాంట్లు, కన్నడకు నుడి, ఉర్దూకు ఇన్‌పేజ్. యూనికోడ్ అప్పటికి షాపుల్లోకి రాలేదు. పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7వ వెర్షనే చివరిది, దానికి యూనికోడ్ అసలే తెలియదు. కాబట్టి ఒక ప్యాకేజీలో కొట్టిన మ్యాటర్ ఇంకోదాంట్లో తెరిస్తే పిచ్చి గీతలు. ఫాంట్లు, కీబోర్డు సెట్టింగులు, ప్రింటర్ డ్రైవర్లు అన్నీ ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి సర్దుకుని కూర్చున్నవి. అలాంటి మిషనును తుడిచేసి మళ్లీ మొదట్నుంచి పేర్చడమంటే పెండ్లిళ్ల సీజన్లో షాపు మూసుకోవడమే.

అందుకే షాపాయనతో ఒక ఒప్పందం చేసుకున్నాను. ఫార్మాట్ మాట ఎత్తొద్దు. వారంలో రెండు మూడు సార్లు రాత్రి వెళ్లేముందు ఒక రిస్టోర్ పాయింట్ చెయ్యాలి. రోజూ పొద్దున జాబితా చూసి ఉన్నవీ పోయినవీ కాగితం మీద రాయాలి. కరెంటు పోయిన రోజులు కూడా అందులోనే గుర్తు పెట్టాలి. ఆయన అన్నంత పనీ చేశాడు.

ఈలోగా అనుమానితులను ఒక్కొక్కరినీ పరీక్షించాను.

మొదటి అనుమానం వైరస్ మీదికే పోయింది. ఆ రోజుల్లో డీటీపీ షాపు అంటే ఊళ్లోని పెన్‌డ్రైవులన్నీ వచ్చి కలిసే చోటు. ఫోల్డర్లన్నీ దాచేసి వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెట్టే వైరస్ ఊరంతా తిరుగుతుండేది. పోయాయనుకున్న ఫొటోలను ఆట్రిబ్ కమాండుతో బయటికి తీసివ్వడం షాపుల్లో రోజువారీ పనే. రిస్టోర్ పాయింట్లను తుడిచేసే వైరస్‌లూ ఉన్నాయి. కానీ ఇక్కడ ఒక సంగతి ఆ అనుమానాన్ని నిలవనివ్వలేదు. ఆ మిషనులో రెండు విండోస్‌లు ఉన్నాయి. మొదట ఎక్స్‌పీ వేశారు. తర్వాత అదే హార్డ్ డిస్కులో ఇంకో డ్రైవ్ చేసి విండోస్ 7 వేశారు. స్విచ్ వేయగానే ఏది కావాలని అడుగుతుంది. నేను ఎక్స్‌పీలోకి వెళ్లి అక్కడి సిస్టమ్ రిస్టోర్ తెరిచాను. ఎక్స్‌పీలో అది నెల క్యాలెండరులా కనిపిస్తుంది, పాయింట్ ఉన్న తేదీ ముద్దక్షరంలో ఉంటుంది. తేదీలన్నీ ఉన్నాయి. కొన్ని వారాల నాటివి కూడా చెక్కుచెదరలేదు. విండోస్ 7లో మాత్రమే పోతున్నాయి. ఒకే హార్డ్ డిస్కు, అవే పెన్‌డ్రైవులు, ఒకవైపు అంతా భద్రం, ఇంకోవైపు అంతా శూన్యం. వైరస్‌కు ఇంత పక్షపాతం ఉంటుందని నాకు అనిపించలేదు. వైరస్ స్కాన్ చేయించాను, దానిలోనూ ఏమీ తేలలేదు. ఆ క్యాలెండరును మాత్రం గుర్తుపెట్టుకున్నాను, ఎందుకంటే అది ఒక అనుమానాన్ని తీర్చి ఇంకో ప్రశ్నను నా ముందు పెట్టింది.

రెండో అనుమానం మనుషుల మీద. ఎక్స్‌పీ కాలంలో యాంటీవైరస్ వాళ్లు ఇచ్చిన ఒక సలహా మెకానిక్కుల చేతుల్లో అలవాటైపోయింది. వైరస్ రిస్టోర్ ఫోల్డరులో దాక్కుంటుంది, యాంటీవైరస్ అక్కడ చెయ్యి పెట్టలేదు, కాబట్టి ముందు సిస్టమ్ రిస్టోర్ ఆపి, మిషను శుభ్రం చేసి, మళ్లీ ఆన్ చెయ్యాలి. సలహాలో తప్పులేదు. కానీ ఆపిన మరుక్షణం పాత పాయింట్లన్నీ పోతాయి. షాపుకు వచ్చే మెకానిక్‌ను అడిగాం. ఆ నెలలో అతను ఆ మిషను ముట్టుకోలేదు.

మూడోది డిస్క్ క్లీనప్. పిల్లవాడికి జాగా ఖాళీ చేసే అలవాటుంది. క్లీనప్‌లో మోర్ ఆప్షన్స్ అనే చోట పాత రిస్టోర్ పాయింట్లను తీసేసే బటన్ ఉంది. ఇది బలమైన అనుమానమే, కానీ ఆ బటన్ అన్నిటికన్నా కొత్తదాన్ని ఎప్పుడూ వదిలేస్తుంది. ఇక్కడ ఒక్కటీ మిగలడం లేదు. నేరం జరిగిన తీరే ఈ అనుమానితుణ్ని విడిపించింది.

నాలుగోది జాగా చాలకపోవడం. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో, ఎక్కువ షాపుల్లో రిస్టోర్ పాయింట్లు పోవడానికి అసలు కారణం ఇదే. విండోస్ వాటికి ఒక హద్దు పెడుతుంది. హద్దు దాటితే పాతవి మొదట పోతాయి. ఫొటోషాప్‌లో పెద్ద పెద్ద ఫ్లెక్సీ ఫైళ్లు సేవ్ చేసేటప్పుడు డిస్కు మీద ఒత్తిడి పెరిగి, దాచే జాగా సమయానికి పెరగలేకపోతే, అన్నీ ఒకేసారి పోయే ప్రమాదమూ ఉంది. కానీ అలా జరిగితే విండోస్ నోరు మూసుకోదు. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే వోల్‌స్నాప్ అనే పేరుతో రాసిపెడుతుంది. ఒత్తిడికి తట్టుకోలేక పోతే 25వ నంబరు, మనం పెట్టిన హద్దు వల్ల పోతే 36వ నంబరు. నెల రోజుల లాగ్ తిరగేశాను. ఆ రెండు నంబర్లూ లేవు. కమాండ్ ప్రాంప్ట్‌లో విస్సాడ్మిన్ లిస్ట్ షాడోస్టోరేజ్ కొట్టి చూస్తే వాడినది కొంచెం, ఇచ్చిన హద్దు చాలా ఎక్కువ.

ఈ మౌనం నన్ను చాలాసేపు పట్టుకుంది. విండోస్ 7 తన చేత్తో తుడిచి ఉంటే కారణం రాసేది. కారణం రాయలేదంటే, అవి పోతున్నప్పుడు అది మేలుకుని లేదేమో. నిజానికి ఆ మాట అప్పుడే పట్టుకుని ఉండవలసింది. కానీ లాగ్‌లో ఒక గీత లేకపోవడం ఒక్కటే సాక్ష్యంగా నిలవదు, దానికి తోడు ఇంకో సాక్ష్యం కావాలి.

కరెంటు కోతల మీద షాపాయనకు గట్టి అనుమానం. 2012, 2013 వేసవుల్లో కోతలు ఎంత కష్టపెట్టాయో తెలంగాణ పట్టణాల్లో చిన్న వ్యాపారం చేసిన ఎవరూ మరిచిపోలేదు. యూపీఎస్ బ్యాటరీ ముసలిదైతే మిషను ఒక్క క్షణంలో ఆగిపోతుంది. అందుకే కాగితం మీద కోతల గుర్తులు పెట్టించాను. కోత పడ్డ రోజుల్లోనూ పాయింట్లు నిలిచాయి, కోత లేని రోజుల్లోనూ పోయాయి. రెండింటికీ పొత్తు కుదరలేదు.

అక్టోబరు అలా గడిచింది. నవంబరులో లెక్క తిరగబడింది.

నవంబరు మొదటి వారం దాటాక రిస్టోర్ పాయింట్లు నిలవడం మొదలుపెట్టాయి. ఒకటి, రెండు, మూడు, జాబితా పెరుగుతూ పోయింది. మేం ఏ మందూ వేయలేదు, ఏ సెట్టింగూ మార్చలేదు. పైగా అది కార్తీకం. ఆ ఏడు నవంబరు 3న దీపావళి, మర్నాటి నుంచి కార్తీకమాసం. పెండ్లి ముహూర్తాలు ఉన్నాయి, తెలుగు పత్రికలు, ఫ్లెక్సీలు, ఆల్బమ్ కవర్లు, పొద్దున తెరిస్తే రాత్రి దాకా మిషనుకు ఊపిరి లేదు. డిస్కు మీద పని ఎక్కువైతే పాయింట్లు పోతాయన్న మాట నిజమైతే అన్నిటికన్నా ఎక్కువ పోవలసిన నెల అది. ఆ నెలలోనే నిలిచాయి. ఉన్న కొద్దిపాటి సందేహం కూడా దీంతో తీరింది. జాగా కాదు, ఒత్తిడి కాదు.

మరి నవంబరులో తక్కువైంది ఏది? మిషనులో వెతకడం ఆపి షాపాయన ఆర్డర్ల రిజిస్టర్ అడిగాను. పొడుగాటి పుస్తకం. తేదీ, పేరు, ఏ పని, ఎంత అడ్వాన్సు, అన్నీ ఉంటాయి. ఆయన రాసిన కాగితాన్ని దాని పక్కన పెట్టుకుని ఒక్కో తేదీ చదువుకుంటూ పోయాం. ఆగస్టు 9న రంజాన్ పండుగ అయింది. ఆ తర్వాత నుంచి అక్టోబరు దాకా షాదీ కార్డుల ఆర్డర్లు వరసగా ఉన్నాయి. నవంబరు మొదటి వారంలో ముహర్రం మొదలైంది. ముహర్రం నెలలో ఇక్కడి ముస్లిం ఇళ్లలో సాధారణంగా నిఖా పెట్టుకోరు. రిజిస్టరులో షాదీ కార్డులు ఒక్కసారిగా ఆగిపోయాయి. కాగితం మీద రిస్టోర్ పాయింట్లు నిలవడం మొదలైంది కూడా అప్పుడే.

పెండ్లిళ్లకూ రిస్టోర్ పాయింట్లకూ సంబంధం ఏమిటని షాపాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబిచ్చింది ఆ వరసలోనే చెడిపోయిన ఒక్క రోజు. నవంబరు మధ్యలో, అన్నీ నిలుస్తున్న రోజుల్లో, ఒకనాడు పొద్దున జాబితా మొత్తం ఖాళీ అయింది. షాదీ కార్డులే కారణమనుకుంటే ఆ రోజు లెక్క తప్పాలి. రిజిస్టరులో అంతకుముందు రోజు చూశాం. షాదీ కార్డు లేదు. ఒక మదర్సాకు రసీదు పుస్తకం ఉంది.

షాదీ కార్డులోనూ రసీదు పుస్తకంలోనూ ఉమ్మడిగా ఉన్నది ఉర్దూ. ఉర్దూ అంటే ఇన్‌పేజ్. ఆ షాపులో ఇన్‌పేజ్ పాత వెర్షను, దాని హార్డ్‌వేర్ లాక్ మిషను వెనక పాత ప్రింటర్ పోర్టుకు బిగించి ఉంటుంది. ఆ లాక్ ఎక్స్‌పీలోనే పనిచేసేది. ఉర్దూ కంపోజ్ చేసే పెద్దాయనను అందరూ చాచా అంటారు. నస్తాలిఖ్ రాతలో ఏ మాట ఎంత వాలాలో, చుక్క ఎక్కడ పడాలో ఆయన కళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పగలు మిషను ఖాళీ ఉండదు కాబట్టి తెల్లవారి నమాజు కాగానే వచ్చి, షట్టర్ తెరిపించుకుని, ఎక్స్‌పీలో తన పని చేసుకుని, మిషను ఆపి వెళ్లేవాడు. తర్వాత షాపాయన వచ్చి విండోస్ 7 తెరిచేవాడు. రాత్రికీ పొద్దుకీ మధ్య జరిగింది అదే. తాళం షాపాయన దగ్గరే ఉన్నా, పక్కింట్లో ఉండే ఆయన తమ్ముడే పొద్దున్నే దాన్ని తీసుకుని చాచాకు షట్టర్ తీసేవాడు. ఉర్దూ పని పడ్డప్పుడల్లా జరిగేది కాబట్టి ఎవరూ చెప్పవలసిన సంగతి అనుకోలేదు.

చాచా మీద నింద పడకూడదని నాకు గట్టిగా ఉంది. "నేను నా ఫోల్డర్ తప్ప ఇంకోటి తెరవను బేటా" అన్నాడాయన. అది అక్షరాలా నిజమని తేల్చడానికి షాపు సెలవు రోజున పరీక్ష పెట్టాం.

విండోస్ 7లో ఒక రిస్టోర్ పాయింట్ చేశాం. కమాండ్ ప్రాంప్ట్‌లో విస్సాడ్మిన్ లిస్ట్ షాడోస్ కొడితే అది తేదీ, సమయంతో సహా కనిపించింది. మిషను రీస్టార్ట్ చేసి మళ్లీ విండోస్ 7లోకే వచ్చాం. ఉంది. పూర్తిగా ఆపి, ప్లగ్ తీసి, కాసేపు ఆగి మళ్లీ తెరిచాం. ఉంది. ఇప్పుడు ఎక్స్‌పీ. తెర మీద పచ్చిక గుట్ట, నీలాకాశం వచ్చేదాకా ఆగాం. మౌస్ ముట్టుకోలేదు, ఏ ఫోల్డరూ తెరవలేదు. అలాగే షట్‌డౌన్ చేశాం. విండోస్ 7లోకి వచ్చి అదే కమాండ్ కొట్టాం. ఏ పాయింటూ దొరకలేదని జవాబు.

ఎక్స్‌పీని తెరవడమే చాలు. అందులో ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు.

ఇక మిగిలింది ఎందుకన్నది. రెండు విండోస్‌లలోనూ సిస్టమ్ రిస్టోర్ అన్న పేరు ఒకటే, లోపలి యంత్రం వేరు. 2000లో విండోస్ ఎంఈతో వచ్చి, 2001లో ఎక్స్‌పీలో అందరికీ పరిచయమైనది ఒక రకం. అది ముఖ్యమైన సిస్టమ్ ఫైళ్లు మారేటప్పుడు వాటి కాపీలు తీసి, సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే దాచిన ఫోల్డరులో మామూలు ఫైళ్లుగా పెట్టుకుంటుంది. మన పత్రికల జోలికి, ఫొటోల జోలికి పోదు. 2007లో విస్టాతో పద్ధతి మారింది. విండోస్ 7 దాన్నే కొనసాగించింది. ఇక్కడ ఫైళ్లను కాక డ్రైవ్ మొత్తాన్నే ఒక క్షణంలో నిలిపి గుర్తుపెట్టుకుంటారు. దీన్ని షాడో కాపీ అంటారు. అంటే డ్రైవ్ అంతా ఇంకోచోట కాపీ చేస్తారని కాదు, అంత జాగా ఎక్కడిది? పద్దుల పుస్తకంలో ఒక పద్దు కొట్టేసి కొత్తది రాసే ముందు, పాత పద్దును వేరే చిత్తుపుస్తకంలో ఎత్తి రాసుకునే గుమాస్తా చేసే పనే ఇది. డిస్కు మీద ఒక ముక్క మారబోతుంటే దాని పాత రూపం పక్కన దాస్తుంది. ఇప్పటి డిస్కునూ ఆ దాచిన ముక్కలనూ కలిపి చదివితే పోయిన వారం డిస్కు కనిపిస్తుంది. ప్రీవియస్ వెర్షన్స్ ట్యాబ్‌లో పాత ఫైళ్లు వచ్చేది ఇక్కడినుంచే. అందువల్లే విండోస్ 7లో మన సొంత మ్యాటర్ కూడా వెనక్కి దొరికే వీలుంది.

ఎక్స్‌పీకి షాడో కాపీ అన్నది బొత్తిగా తెలియనిది కాదు. దాని లోపల కూడా వోల్‌స్నాప్ అన్న డ్రైవర్ ఉంది. కానీ దానికి తెలిసినవి తాత్కాలికమైన షాడో కాపీలే, బ్యాకప్ నడిచినంతసేపు ఉండి పోయేవి. ఆరేళ్ల తర్వాత రాబోయే నిలవ ఉండే కొత్త తరహా రాత దానికి చదవరాదు. ఎక్స్‌పీ లేస్తూనే కనబడిన ప్రతి డ్రైవునూ కలుపుకుంటుంది. అలా విండోస్ 7 డ్రైవును కలుపుకున్నప్పుడు అక్కడ దాచిన ముక్కలు దానికి చెడిపోయిన మిగుళ్లలా కనిపిస్తాయి. తీసేస్తుంది. ఈ సంగతిని మైక్రోసాఫ్ట్ తానే తన సాంకేతిక పత్రాల్లో రాసి పెట్టింది. ఒకే మిషనులో ఎక్స్‌పీనీ, విస్టా లేక తర్వాతి విండోస్‌నూ పెట్టుకుంటే, ఎక్స్‌పీ తెరిచినప్పుడల్లా కొత్తదాని రిస్టోర్ పాయింట్లు పోతాయని స్పష్టంగా ఉంది.

నాకు ఎక్స్‌పీ మీద కోపం రాలేదు. ఒక్కసారి ఆలోచిస్తే, అది తీసెయ్యకుండా ఉంచి ఉంటే ఇంకా ప్రమాదం. ఎక్స్‌పీలో పనిచేస్తూ విండోస్ 7 డ్రైవులో ఒక ఫైలు మార్చారనుకోండి. ఆ మార్పుకు ముందు పాత ముక్కను ఎత్తిపెట్టేవాళ్లు ఎవరూ లేరు. షాడో కాపీ అప్పటికే అబద్ధమైపోయింది. దాన్ని నమ్మి వెనక్కి వెళితే సగం పోయిన వారానిది, సగం ఇవాళ్టిది కలిసిన డిస్కు చేతికొస్తుంది. లేనిదానికన్నా తప్పుడుది హాని.

క్యాలెండరు పెట్టిన ప్రశ్న కూడా ఇక్కడే తీరింది. ఎక్స్‌పీ పాయింట్లు విండోస్ 7 చేతిలో ఎందుకు చెడలేదు? అవి ఒక ఫోల్డరులోని మామూలు ఫైళ్లు. ఎవరు చూసినా ఫైళ్లలాగే కనిపిస్తాయి, వాటిని ముట్టుకోవలసిన పని విండోస్ 7కు లేదు. లాగ్‌లోని మౌనానికీ అదే అర్థం. విండోస్ 7 నిజంగానే నిద్రలో ఉంది.

మందు రెండు రకాలు. విండోస్ 7 డ్రైవును బిట్‌లాకర్‌తో తాళం వేస్తే ఎక్స్‌పీ దాన్ని చదవలేదు, కాబట్టి చెరపనూ లేదు. కానీ విండోస్ 7లో బిట్‌లాకర్ అల్టిమేట్, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లకే ఉండేది. రెండోది ఎక్స్‌పీ రిజిస్ట్రీలో ఒక చిన్న మార్పు. సిస్టమ్ కింద మౌంటెడ్ డివైసెస్, దాని కింద ఆఫ్‌లైన్ అనే కీ తయారుచేసి, అందులో విండోస్ 7 డ్రైవును ఎక్స్‌పీ ఏ అక్షరంతో పిలుస్తుందో ఆ పేరుతో ఒక డీవర్డ్ పెట్టి విలువ 1 ఇవ్వాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. విండోస్ 7 తనను తాను సీ అంటుంది, ఎక్స్‌పీ తనను తాను సీ అంటుంది. ఎక్స్‌పీ కళ్లకు విండోస్ 7 ఉన్నది డీ డ్రైవులో. రాయవలసింది ఎక్స్‌పీ చూసే అక్షరమే. ఎక్స్‌పీ తానున్న డ్రైవు మీద ఈ మార్పు పనిచెయ్యదు, అసలు పెట్టకూడదు.

అది చేసి రీస్టార్ట్ చేశాం. ఎక్స్‌పీ నుంచి డీ డ్రైవ్ ఇక తెరుచుకోదు. చాచా పనికి అడ్డు రాలేదు, ఎందుకంటే ఆయన ఫైళ్లు ఎక్స్‌పీ డ్రైవులోనే ఉంటాయి, ఫొటోషాప్‌కు కావలసినప్పుడు విండోస్ 7 వాటిని అక్కడినుంచి తీసుకోగలదు. పరీక్ష మళ్లీ నడిపాం. ఎక్స్‌పీలోకి వెళ్లి వచ్చాక కూడా పాయింట్ నిలిచింది. ముహర్రం అయిపోయి, చలికాలంలో షాదీ కార్డులు మళ్లీ మొదలయ్యాక కూడా నిలిచాయి.

ఒక్క చోట మాత్రం ఈ మందు పనిచెయ్యదని షాపాయనకు విడమరిచి చెప్పాను. అదే మిషనులో E అక్షరంతో ఇంకో డ్రైవు ఉంది, పాత జాబ్‌లన్నీ అందులో ఉన్నాయి, రెండు విండోస్‌లకూ అది కావాలి. ఎక్స్‌పీ కళ్లకు దాన్ని కనబడకుండా చేస్తే పని ఆగుతుంది, కనబడనిస్తే అక్కడ షాడో కాపీ నిలవదు. పైగా విండోస్ 7 తనంతట తాను కాపలా కాసేది సిస్టమ్ ఉన్న డ్రైవును మాత్రమే. కాబట్టి ఆ E డ్రైవు కోసం ఒక బయటి హార్డ్ డిస్కు కొన్నాడు. శనివారం రాత్రి కాపీ చేసి, తీగ పీకి, ఇంటికి తీసుకుపోవడం నేర్చుకున్నాడు.

ఆ తీగ పీకడం ఎంత అవసరమో 2017 మే 12న ప్రపంచమంతా చూసింది. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లకు సోకింది. తిరుమల తిరుపతి దేవస్థానం పాలనా విభాగం మిషన్లలో కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే ప్యాచ్ ఆ మార్చి 14నే వచ్చి ఉంది, వేసుకోని మిషన్లే దొరికాయి. సోకిన వాటిలో అత్యధికం విండోస్ 7వే. ఫైళ్లకు తాళాలు వేయడంతో పాటు అది చేసే పనుల్లో ఒకటి, నేను ఆ షాపులో కొట్టిన విస్సాడ్మిన్ కమాండునే వాడి షాడో కాపీలన్నీ ఒక్క దెబ్బకు తుడిచెయ్యడం. ఎక్స్‌పీ తెలియక చేసిందే ఇది తెలిసి చేసింది. బాధితుడు ప్రీవియస్ వెర్షన్స్ ట్యాబ్ తెరిస్తే మా షాపాయన చూసిన ఆ ఖాళీయే కనిపించి ఉంటుంది. అదే డిస్కులో దాచిన రక్షణకు ఆ డిస్కు మీద అధికారం ఉన్న ప్రతివాడూ యజమానే.

వంశవృక్షం పుస్తకం ఆ పాత ఫైలు నుంచి రాలేదు. కుటుంబం పెద్ద దగ్గర రెండో ప్రూఫు కాగితాలు ఉన్నాయి, ఆయన దిద్దుబాట్లతో సహా. షాపాయన పైసా తీసుకోకుండా మొత్తం మళ్లీ కంపోజ్ చేయించాడు. ఈసారి ఫైలు పేరు చివర తేదీ పెట్టి, ఏ రోజుది ఆ రోజు వేరే ఫైలుగా సేవ్ చేయించాడు. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసినప్పుడు దాని నెట్ తీగ పీకేసి, చాచా కోసం, ఆ ఒక్క లాక్ కోసం, దాన్ని అలాగే ఉంచారు.

ఇవాళ ఎక్స్‌పీతో కలిపి నడిచే మిషన్లు అరుదు. కానీ విండోస్ 10, 11 వేసిన చాలా మిషన్లలో సిస్టమ్ ప్రొటెక్షన్ మొదటినుంచే ఆఫ్‌లో ఉంటుంది, మనం ఆన్ చేస్తే తప్ప. సెర్చ్ పెట్టెలో క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్ అని కొడితే ఆ కిటికీ తెరుచుకుంటుంది. అక్కడ మీ డ్రైవుకు ఎదురుగా ఆన్ అని ఉందో లేదో చూడండి. ఉంటే, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి విస్సాడ్మిన్ లిస్ట్ షాడోస్ కొట్టి, అన్నిటికన్నా పాతదాని తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. వారం తర్వాత మళ్లీ చూడండి. ఆ తేదీ మాయమై ఉంటే, ఫార్మాట్ కొట్టేముందు సిస్టమ్ లాగ్‌లో వోల్‌స్నాప్ పేరుతో 25 ఉందో, 36 ఉందో, రెండూ లేవో వెతకండి.